పదకొండో పిన్ను

అక్టోబరు 6

ఈ నోట్‌బుక్ డాక్టరు ఇచ్చింది. మీ అక్క రోజూ ఏ మాట పలికింది, ఏ మాట దగ్గర ఆగిపోయింది, ఏం గీసింది, అన్నీ రాసి నెలకోసారి చూపించమన్నాడు. ముందు పేజీలు ఆయనకి. వెనక నుంచి మొదలుపెట్టిన ఈ పేజీలు నాకు. చూపించేటప్పుడు ఇటు తిప్పకుండా రబ్బరు బ్యాండు వేయాలి.

ముందు పేజీలో ఇవాళ ఇలా రాశాను: "మాటలు: ఊ, కాదు, నీళ్ళు. ఎడమ చేత్తో పలక మీద బొమ్మ."

బొమ్మ సంగతి ఇక్కడ రాస్తాను. మాటలు నేర్పే టీచరమ్మ వచ్చి, అక్క చేతికి పలకా బలపమూ ఇచ్చి, "మీ ఇంట్లో ఎవరెవరుంటారో గీయండమ్మా" అంది. ఇంట్లో ఉండేది ఇద్దరం, అక్కా నేనూ. గుండ్రంగా రెండు తలలు గీసినా చాలు. అక్క మాత్రం బౌలింగ్ పిన్నులు గీసింది, బంతి దొర్లించి పడగొట్టే సీసాల్లాంటి చెక్క బొమ్మలు. ముందు ఒకటి, దాని వెనక రెండు, ఆ వెనక మూడు, ఆఖర్న నాలుగు. బంతి దొర్లే లేన్ చివర నేను రోజూ నిలబెట్టే పది పిన్నులూ. ఎడమ చెయ్యి కాబట్టి వంకరటింకరగా వచ్చాయిగానీ వరస తప్పలేదు. అంతా అయ్యాక, వాటన్నిటి వెనకా ఒంటరిగా ఇంకోటి గీసింది.

"పదే కదక్కా ఉండేవి" అని ఆ వెనకదాన్ని వేలితో తుడిచేశాను.

అక్క నా వైపు చూసింది. తర్వాత గోడ వైపు తిరిగిపోయింది.

ఆగస్టు పంతొమ్మిదిన కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది, పక్షవాతం. అప్పట్నుంచి కుడి చెయ్యి లేదు, కుడి కాలు సగం ఉంది, మాట పోయింది. యాభై రెండేళ్ళుగా నన్ను 'తమ్ముడూ' అని పిలిచిన మనిషి ఈ యాభై రోజుల్లో ఒక్కసారి కూడా పిలవలేదు. డాక్టరేమో, "గుర్తుండటం వేరు, మాట రావటం వేరు" అంటాడు. ఆయనకి అన్నీ వేరు వేరే. అక్కకి నేను గుర్తున్నానా లేదా? అది మాత్రం తేల్చి చెప్పడు.

అక్టోబరు 7

ఇవాళా పదకొండు గీసింది. తుడిచాను.

అక్టోబరు 9

టోర్నమెంటు ఇంకో నెల. ఏటా నవంబరులో మా బౌలింగ్ సెంటర్‌లో జరుగుతుంది. వచ్చిందంతా ఏదో ఒక మంచి పనికి ఇచ్చేస్తారు. ఈసారి అక్క నడక నేర్చుకుంటున్న ఫిజియోథెరపీ వార్డుకి ఇస్తున్నారు. మేనేజర్ ఈ మాట చెప్పి, నా భుజం తట్టి, "సంతోషమేనా?" అన్నాడు. ఏమో. అక్క ఆడే టోర్నమెంటు అక్క కోసం జరగడం, అందులో అక్క లేకపోవడం, ఇందులో సంతోషపడాల్సింది ఎక్కడుందో నాకు తెలియలేదు. తల ఊపాను.

నా ఉద్యోగం గోడవతల. ఎనిమిది లేన్ల వెనక, పడిన పిన్నుల్ని మళ్ళీ నిలబెట్టే ఎనిమిది మెషిన్లు, మధ్యలో ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. చప్పుడు తగ్గడానికి చెవులకి మఫ్లు. బెల్టు తెగితే మార్చాలి, పిన్ను ఇరుక్కుంటే తీయాలి, మెడ చిట్లిన పిన్నుని బయట పారేయాలి. ముప్ఫై ఏళ్ళు. మొహాలు చూడను గానీ బంతి వచ్చి తగిలే చప్పుడుని బట్టి వేసింది ఎవరో చెప్పగలను. మఫ్లు పెట్టుకున్నా కాళ్ళకి తెలుస్తుంది. అక్క బంతి పడితే ఇనుప మెట్టు అదిరేది.

టోర్నమెంటులో ఎవరూ సొంత పేరుతో ఆడరు. అది మొదటి ఏడాది నుంచీ ఉన్న పద్ధతి. కోర్టులో అందరూ లేచి నిలబడి 'సార్' అనే లాయరు ఇక్కడ 'వాయిదా'. బంతి పట్టుకుని గీత దగ్గర నిలబడి, ఊపిరి పీల్చి, మళ్ళీ వెనక్కి వచ్చి, తుడుచుకుని, మళ్ళీ నిలబడతాడు కాబట్టి. బట్టల దుకాణం ఆవిడ 'చిల్లర'. ఒక్కసారి పదీ పడగొట్టిన పాపాన పోలేదు, రెండూ మూడూ చొప్పున ఏరుకుంటుంది. లాండ్రీ ఆయన 'ఇస్త్రీ'. ఆయన బంతి ఇటూ అటూ జరగదు. బయట ఎవరైనా అలా పిలిస్తే కొట్లాటకి దిగే మనుషులు ఇక్కడ మైకులో ఆ పేరు వినపడగానే చంటిపిల్లల్లా నవ్వుతారు. ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. అమ్మానాన్నలు పెట్టిన పేరు మనం ఏమీ చేయకముందే పెట్టింది. ఇది మనల్ని చూశాక పెట్టింది. అందుకేనేమో.

పేరు ఎవరికి వారు పెట్టుకోకూడదు. వేరొకరు పెట్టాలి. మేనేజర్ దగ్గర ఎర్ర అట్ట పుస్తకం ఒకటుంది, అందులో ఎక్కితేనే పేరు. ఆ తర్వాత అక్క చొక్కా మీద కుడుతుంది. ఇరవై మూడేళ్ళుగా అందరి చొక్కాలూ తనే కుట్టింది.

అక్క పేరు 'పిడుగు'. అది ఎందుకో రాయక్కర్లేదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఆడలేని ఏడాది మనిషి తన పేరుని తన చేత్తో ఇంకొకరికి ఇవ్వాలి. లేదంటే చొక్కాని అద్దాల ఫ్రేములో పెట్టి గోడకి తగిలిస్తారు. ఆ గోడ మీద ఆరు చొక్కాలున్నాయి. ఆరుగురూ చచ్చిపోయారు.

"పిడుగు సంగతి నెలాఖరులోపు చెప్పు" అన్నాడు మేనేజర్.

"చూద్దాం" అన్నాను.

అక్టోబరు 10

నాకు ఆ పేరు అక్కర్లేదు. నేను బంతి పట్టుకుని ఎన్నేళ్ళయిందో. ఎవరైనా అడిగితే చెప్పడానికి ముందే రాసి పెట్టుకుంటున్నాను.

అక్టోబరు 13

నాలుగో లేన్‌లో లోపం వచ్చింది. నవంబరు తొమ్మిదికి ఆటగాళ్ళ జాబితాని కౌంటర్ కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నారు. నాలుగో లేన్ కింద వాయిదా, చిల్లర, ఇస్త్రీ, ఆ తర్వాత 'పదకొండో పిన్ను' అని పడింది. అలాంటి ఆటగాడు ఎవరూ లేరు. పిన్నులు లెక్కపెట్టే కెమెరా మీద దుమ్ము పడితే లేని పిన్నుని ఉన్నట్టు చూపించడం మామూలే, కానీ ఆ తప్పు జాబితాలోకి ఎలా ఎక్కిందో నా బుర్రకి అందలేదు. ఆ వరస తీసేసి, కెమెరా అద్దం తుడిచాను.

ఇంటికొస్తే అక్క పలక మీద కూడా అదే గోల. ప్రపంచంలో అందరికీ ఒక పిన్ను ఎక్కువైంది.

అక్టోబరు 15

వాయిదా అక్కని చూడ్డానికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు, అక్క మంచం మీద నుంచి, "వాయిదా!" అంది.

స్పష్టంగా. గంట కొట్టినట్టు.

ఆయన అక్కడే ఏడ్చేశాడు. నేను పరిగెత్తుకెళ్ళి నోట్‌బుక్ ముందు పేజీలో రాశాను. సాయంత్రం ఇస్త్రీ వస్తే "ఇస్త్రీ" అంది. డాక్టరుకి ఫోన్ చేస్తే, "కొన్ని మాటలు తలలో వేరేచోట దాచుకుని ఉంటాయి, పాటల్లాగా, తిట్లలాగా. అవి ముందు వస్తాయి. మంచిదే" అన్నాడు.

అందరూ వెళ్ళాక మంచం పక్కన కూర్చుని, "మరి నేనక్కా?" అన్నాను.

నన్ను చూసి నోరు తెరిచింది. ఏదో వస్తున్నట్టే ఉంది. పెదవులు బిగించుకుంది. రాలేదు. పలక మీద ఎడమ చేత్తో టపటపా కొట్టింది. నీళ్ళు ఇచ్చాను. గ్లాసు తోసేసింది.

లాయరు గుర్తున్నాడు. లాండ్రీ ఆయన గుర్తున్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఒలికిన నీళ్ళు తుడిచాను, అంతే.

అక్టోబరు 17

నాలుగో లేన్‌లో మళ్ళీ కనిపించింది. తీసేశాను. కేబుల్ మార్చాను.

అక్టోబరు 18

ఫిజియో అమ్మాయి వారానికి మూడు రోజులు ఇంటికి వస్తోంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. నన్ను 'సార్' అంటుంది. గ్రీజు చేతులవాణ్ణి సార్ అంటే వెక్కిరించినట్టే ఉంటుంది. ఇవాళ అక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"తలుపు ఎందుకమ్మా?" అన్నాను.

"చేతి వ్యాయామం సార్. ఎవరైనా చూస్తుంటే ఆవిడ చేయట్లేదు" అంది.

ఎవరైనా అంటే ఎవరు? ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే. గంటన్నర తలుపు తీయలేదు. లోపల అక్క నవ్వింది. ఆగస్టు తర్వాత అక్క నవ్వు వినడం అదే మొదలు, అది కూడా తలుపు ఇవతల నుంచి.

ఆ గదిలోనే కుట్టుమిషను ఉంది. సూది కింద ఆ రోజు ఆగిపోయిన చొక్కా అలాగే ఉంది. ముదురు ఆకుపచ్చది, పెద్ద సైజు, కాలర్ కుట్టడం అయింది, వీపు మీద పేరు ఇంకా వేయలేదు. ఎవరిదో తెలియదు. ఎవరూ వచ్చి అడగలేదు కూడా. అక్క కుడి చేత్తో వేసిన ఆఖరి కుట్టు అది. దాన్ని కదపొద్దని ఆ అమ్మాయికి గట్టిగా చెప్పాను.

అక్టోబరు 20

నెల చూపించే రోజు. డాక్టరుతో, "అక్కకి లెక్క తప్పుతోంది సార్, పది గీయాల్సిన చోట పదకొండు గీస్తోంది, ఎంత చెప్పినా వినట్లేదు" అన్నాను.

ఆయన టేబుల్ మీద చొక్కా గుండీలు పోసి పది తీసి ఇవ్వమన్నాడు. అక్క పది తీసి ఇచ్చింది. ఏడు ఇవ్వమంటే ఏడు ఇచ్చింది. పదకొండు అంటే పదకొండు. అన్నీ అయ్యాక నన్ను చూసిన చూపు చిన్నప్పుడు తను నా మీద నాన్నకి చాడీ చెప్పినప్పుడు నేను తనని చూసిన చూపు.

"లెక్క బాగానే ఉందయ్యా. ఆవిడ గీసింది లెక్క కాదేమో" అన్నాడు డాక్టరు.

మరేమిటి? ఆయనకీ తెలియదు. తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పడం ఎక్కడ నేర్పుతారో.

అక్టోబరు 22

'నత్త' సంగతి ఇవాళ ఎందుకో గుర్తొచ్చింది.

టోర్నమెంటు మొదటి ఏడాది. రెండో లేన్ మెషిన్ ఆట మధ్యలో ఇరుక్కుంది. నలభై నిమిషాలు పట్టింది బాగుచేయడానికి. చెమటతో బయటికి వస్తే ఎవడో "వచ్చాడయ్యా మన నత్త!" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. నేనేం చేశాను? వెనక్కి వెళ్ళి ఎనిమిది లేన్లకీ కరెంటు కట్టేసి ఇంటికి వచ్చేశాను. నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, అక్కతో సహా. తర్వాత అక్క వాళ్ళందరినీ కూర్చోబెట్టి ఏం చెప్పిందో నాకు తెలియదు. అప్పట్నుంచి ఎవరూ నాకే పేరూ పెట్టలేదు.

మంచిదే అయింది. పేరు ఉంటే మైకులో పిలుస్తారు, పిలిస్తే ముందుకి రావాలి.

అక్టోబరు 25

పిడుగు ఫిజియో అమ్మాయికి వెళ్ళిపోయింది.

మేనేజర్ చెప్పాడు. నేను పనిలో ఉండగా ఎర్ర పుస్తకం పట్టుకుని ఇంటికి వెళ్ళాడట. అక్క ఎడమ బొటనవేలు ముద్ర వేసిందట. నాకు తెలియకుండా. నా ఇంట్లో.

ఇంటికి వచ్చేసరికి ఆ అమ్మాయి అక్క కాలికి బెల్టు కడుతోంది. "నువ్వెప్పుడైనా బంతి పట్టుకున్నావా?" అన్నాను.

"లేదు సార్."

"గట్టర్ అంటే ఏంటో తెలుసా?"

"లేన్ పక్కన కాలవ. బంతి అందులో పడితే సున్నా. మేడమ్ బొమ్మ గీసి చెప్పారు."

"ఎనిమిదిసార్లు కప్పు కొట్టిన పేరు అది. నీ వీపు మీద ఎలా మోస్తావు?"

ఆ అమ్మాయి లేచి నిలబడింది. "నేనూ అదే అన్నాను సార్, వద్దన్నాను. మీ తమ్ముడుగారికి ఇవ్వండి అన్నాను. మేడమ్ 'కాదు' అన్నారు. మూడుసార్లు అన్నారు."

అక్క అటు నుంచి నాలుగోసారి కూడా అంది. "కాదు." నన్నే చూస్తూ.

అక్టోబరు 26

నాకు ఆ పేరు అక్కర్లేదని పదో తారీఖునే రాశాను. కావాలంటే వెనక్కి తిప్పి చూసుకోవచ్చు.

అక్టోబరు 29

మేనేజర్ పిలిచి, "తొమ్మిదో తారీఖుకి వేరే మెకానిక్‌ని మాట్లాడాను. మెషిన్లు అతను చూసుకుంటాడు" అన్నాడు.

"ఎందుకు?"

"ఎందుకేంటయ్యా!" అని నవ్వి ఫోన్ ఎత్తుకున్నాడు.

సందులోకి వెళ్ళి కూర్చున్నాను. ముప్ఫై ఏళ్ళు. ఒక్క టోర్నమెంటు మానలేదు. ఆస్పత్రి చుట్టూ తిరుగుతూ సెలవులు ఎక్కువ పెట్టాననా? మొన్న రెండో లేన్ బెల్టు ఆలస్యమైందనా? ముందు ఒక రోజుకి అంటారు, తర్వాత వారానికి అంటారు. తీసేసే పద్ధతి ఇదే.

కాసేపటికి వాయిదా వెనక తలుపులోంచి తల పెట్టాడు. "ఈసారి ముందుకి వస్తున్నావటగా!" అన్నాడు, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ.

ఉద్యోగం పోతున్నవాడితో అలా నవ్వుతారా? లాయర్లకి అలవాటేమో. మఫ్లు పెట్టేసుకున్నాను.

నవంబరు 2

ఇది రాయకూడదు. రాస్తున్నాను.

ఇవాళ నాకు ఓపిక అయిపోయింది. అన్నం తినిపిస్తుంటే చెంచా పక్కన పెట్టి అడిగాను. "అక్కా, ఒక్కసారి చెప్పు. నేనెవర్ని?"

పలక అందుకుంది. మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. నాకు ఒళ్ళు మండిపోయింది. "పిన్నులు కాదక్కా! నేను! నేనెవర్ని అని అడుగుతున్నాను!" అని అరిచాను. ఆగలేదు. పది పూర్తిచేసి, వెనక పదకొండోది గీయడానికి బలపం పెట్టింది. నేను పలక లాక్కుని మొత్తం అరచేత్తో తుడిచేశాను.

అక్క బలపం విసిరేసింది. కిటికీ చువ్వకి తగిలి రెండు ముక్కలైంది. తర్వాత ఏడ్చింది. చప్పుడు లేకుండా, మొహం ఎడమవైపు మాత్రమే కదులుతూ.

యాభై రెండేళ్ళలో అక్క మీద అరవడం ఇదే మొదలు. నాకు సిగ్గుగా ఉంది. కానీ జవాబు రాలేదు కదా. గుర్తులేనని చెప్పడానికి ఇష్టంలేక పిన్నులు గీస్తోందేమో. అడిగింది దాటేయడానికి మనుషులు ఏదో ఒకటి చేస్తారు.

నవంబరు 3

కొత్త బలపాలు డబ్బా కొన్నాను. దిండు పక్కన పెట్టాను. ముట్టుకోలేదు.

నవంబరు 5

పదకొండో పిన్ను మూడోసారి. తీసేశాను. కెమెరా మొత్తం విప్పి కొత్తది బిగించాను. ఇంకెలా వస్తుందో చూస్తాను. పోతే పోయే ఉద్యోగమే గానీ నా చేతిలో ఉన్నన్నాళ్ళూ నాలుగో లేన్‌లో తప్పు చూపించనివ్వను.

నవంబరు 8

మిషను సూది కింద చొక్కా లేదు.

ఫిజియో అమ్మాయిని అడిగితే నేల చూపులు చూసింది. అక్క నిద్ర నటించింది. ఆ ఆఖరి కుట్టు కూడా పోయింది. ఇక నేనేమీ అడగను.

నవంబరు 9, ఆదివారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే వెళ్ళాను. వద్దన్నా వెళ్ళాను. కొత్త మెకానిక్ ఉంగరాల జుట్టువాడు, మర్యాదగానే ఉన్నాడు. "మీరు ముందుకెళ్ళండన్నా, నేను చూసుకుంటాను" అన్నాడు. నేను కదల్లేదు. నాలుగో మెషిన్ పక్కన డబ్బా మీద కూర్చున్నాను. హాల్లో జనం చప్పుడు. ఫిజియో అమ్మాయి అక్కని చక్రాల కుర్చీలో తీసుకొచ్చిందని సందులోంచి చూశాను.

ఆటలు మొదలయ్యాయి. మూడో లేన్‌లో "పిడుగు!" అని మైకులో పిలిచారు. మెషిన్ మీద చెయ్యి పెట్టి ఎదురుచూశాను. చప్పుడు రాలేదు. బంతి వస్తూ వస్తూ గట్టర్‌లో పడి, దొర్లుకుంటూ, క్షమించమన్నట్టు మెల్లగా వచ్చి వెనక కుషన్‌కి ఆనుకుంది. హాలంతా నవ్వు. ఆ నవ్వులో ఒకటి అక్కది. తన పేరు అలా గట్టర్‌లో దొర్లుతుంటే తనే అందరికంటే గట్టిగా నవ్వుతోంది.

తర్వాత నాలుగో లేన్. వాయిదా, చిల్లర, ఇస్త్రీ. ముగ్గురూ వేశారు. అప్పుడు మేనేజర్ గొంతు మైకులో, "నాలుగో లేన్, పదకొండో పిన్ను!" అంది.

చప్పట్లు. ఈలలు. ఇంకెవరూ వేయలేదు. మళ్ళీ, "పదకొండో పిన్ను!"

లోపం మైకుదాకా ఎక్కింది. కొత్త కెమెరా బిగించినా పోలేదు, అందరి ముందూ పరువు పోయింది. స్పానర్ పట్టుకుని పక్క తలుపులోంచి పరిగెత్తాను. "ఆపండి! అది పేరు కాదు, మెషిన్ తప్పు! నేను మూడుసార్లు తీసేశాను, కేబుల్ మార్చాను, కెమెరా మార్చాను!" అని అరుస్తూ హాలు మధ్యలో నిలబడ్డాను.

అందరూ నన్నే చూస్తున్నారు. చప్పట్లు ఆగలేదు, పెరిగాయి. నాకేమీ అర్థం కాలేదు.

"నువ్వా తీసేసింది!" అన్నాడు మేనేజర్, మైకు ఆపడం మర్చిపోయి. "నేను రెండుసార్లు కంప్యూటర్ మనిషిని పిలిపించాను కదయ్యా!"

"ఎవరు మరి ఇతను?" అన్నాను. "పదకొండో పిన్ను ఎవరు?"

చప్పట్లు ఆగిపోయాయి. చిల్లర నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, ఈయనకి నిజంగానే తెలియదు" అంది ఎవరితోనో.

మేనేజర్ ఎర్ర పుస్తకం తెచ్చి నా ముందు తెరిచాడు. ఇరవై రెండేళ్ళ కిందటి పేజీ. అక్క రాత, కుడిచేతి రాత, ఒత్తులన్నీ గుండ్రంగా.

పేరు: పదకొండో పిన్ను. పెట్టింది: పిడుగు. ఎవరికి: మా తమ్ముడికి. ఎందుకు: పదీ పడిపోయినా వెనకాల ఇంకోటి నిలబడే ఉంటుంది. వాడికి చెప్పొద్దు, అలుగుతాడు.

రెండుసార్లు చదివాను. మూడోసారి అక్షరాలు కనిపించలేదు.

"ఇరవై రెండేళ్ళుగా మేమంతా నిన్నలాగే అనుకుంటామయ్యా" అన్నాడు ఇస్త్రీ. "పదకొండో పిన్ను ఉన్నాడా, పదకొండో పిన్ను భోజనానికి వెళ్ళాడా, అని. నీ ముందు అంటే మీ అక్క చంపేస్తుంది."

"ఈసారి నీ పేరు పిలవాలని మీ అక్క పడిపోకముందే చెప్పింది, అందుకే జాబితాలో ఎక్కించాను. మొన్న పుస్తకం తీసుకెళ్తే పిడుగు పేరు ఫిజియోకి ఇచ్చేసింది. ఈ పేజీ తిప్పి దీని మీద వేలు పెట్టి కొట్టింది" అన్నాడు మేనేజర్. "నీ పేరు మర్చిపోవద్దని. నీ బదులు మనిషిని పెట్టానని చెప్పాను కదయ్యా!"

ఫిజియో అమ్మాయి ఒక సంచీ తెచ్చింది. అందులో ఆ ఆకుపచ్చ చొక్కా. వీపు మీద తెల్ల దారంతో 'పదకొండో పిన్ను'. ఒక్క అక్షరమూ వరసలో లేదు. 'కొ' ఒకటి పైకి ఎగిరింది, 'న్ను' కిందికి జారింది. ఎడమ చేత్తో చేతికుట్టు.

"తలుపు అందుకే వేసుకున్నాం సార్. ముందు పాత గుడ్డ మీద నేర్చుకున్నారు, చొక్కా మొన్నే తీశాం" అంది.

స్పానర్ ఎవరో తీసుకున్నారు. చొక్కా ఎవరో తొడిగారు. నాకు సరిగ్గా సరిపోయింది. చేతిలో బంతి పెట్టారు. గీత దగ్గరికి నడిచి తలెత్తి చూశాను.

ముప్ఫై ఏళ్ళు ఆ పిన్నుల్ని వెనక నుంచి చూశాను. ముందు నుంచి చూసి ఎన్నేళ్ళయిందో. ముందు ఒకటి. దాని వెనక రెండు. మూడు. నాలుగు. వాటి వెనక చీకటిగా చిన్న సందు. నేను నిలబడే చోటు.

అక్క ఇక్కడ నిలబడి ఇన్నేళ్ళూ చూసింది ఇదే. పలక మీద గీసింది ఇదే.

బంతి చేతిలోంచి ఎప్పుడు జారిందో తెలియదు. తిన్నగా గట్టర్‌లోకి పోయింది.

"కాదు!" అంది అక్క, హాలంతా వినపడేలా.

రెండోది వేశాను. మూడు పిన్నులు పడ్డాయి. ముందు నుంచి వింటే ఆ చప్పుడు చాలా చిన్నగా ఉంది. మైకులో, "పదకొండో పిన్ను, మూడు!" అన్నారు. ఒంట్లో ఏదో వెలిగింది. వాయిదా ఎందుకు చంటిపిల్లాడిలా నవ్వుతాడో అప్పుడు తెలిసింది. తిరిగి చూస్తే అక్క ఎడమ చేత్తో తొడ మీద చరుస్తోంది. కుడి చెయ్యి ఒడిలో ఉంది కాబట్టి చప్పట్లు అలా కొడుతోంది.

నేను వెళ్ళి కుర్చీ ముందు నేల మీద కూర్చుండిపోయాను. ఏడ్చాను. అందరూ చూశారు. చూస్తే చూడనీ.

నవంబరు 10

పొద్దున్న టీ ఇచ్చి, కొత్త బలపం తీసి, పలక అక్క ఒడిలో పెట్టాను. "ఇంట్లో ఎవరెవరుంటారక్కా?" అన్నాను.

కాసేపు నన్ను అనుమానంగా చూసింది. తర్వాత మొదలుపెట్టింది. పదీ గీసి, వెనక పదకొండోది గీసి, నా చేతి వైపు చూసింది. నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను.

నోరు తెరిచింది. నిన్నటిదాకా తెరిచినట్టే. పెదవులు బిగించింది. రాలేదు. నా ముందు ఆ పేరు పలకకూడదని ఇరవై రెండేళ్ళ కిందట తనే పెట్టిన నియమం. తలలో ఏవేవో పోయాయి, అది మాత్రం పోలేదేమో. నిజంగా అంతేనో కాదో డాక్టరుని అడగను. వేరు వేరంటాడు.

"పర్లేదక్కా. అలగను" అన్నాను.

నవ్వింది. అప్పుడు నాకో సందేహం వచ్చింది. ఇంట్లో ఉండేది ఇద్దరం కదా. బలపం తీసుకుని పదకొండో పిన్ను పక్కన ఇంకోటి గీసి, "ఇది నువ్వు" అన్నాను. అక్క చిరాగ్గా దాన్ని వేలితో తుడిచేసింది. ఎంతకీ తెలుసుకోని శిష్యుడి చేతిలోంచి లాక్కున్నట్టు బలపం లాక్కుని, పలక అడుగున, పిన్నులన్నిటికీ ఎదురుగా, ఒక పెద్ద గుండ్రం గీసింది. దాంట్లో మూడు చుక్కలు. వేళ్ళు పెట్టే రంధ్రాలు.

బంతి. తను అది.

రబ్బరు బ్యాండు తీసి ముందు పేజీలు తిప్పాను. డాక్టరుకి ఇలా రాశాను: "ఇవాళ అక్క ఇంట్లోవాళ్ళందరినీ సరిగ్గా గీసింది. అక్టోబరు ఆరు నుంచీ నన్ను సరిగ్గానే గీస్తోంది. రోజూ తుడిచేసింది నేను."